పెరటిపొయ్యి, పొయ్యిపాక, పాదుల పందిరి

రైతుకుటుంబమునకు ఇంటిలోని వంటపొయ్యి యొకటియే చాలదు. పశువులకు ఉలవలు ఉడికింపవలెను. స్నానములకు నీళ్లు కాచవలెను. కోతల దినములలో కూలివారికి పెద్దగిన్నెలతో వండవలెను. ఈ పనులన్నియు కట్టెలతోనే జరుగును. 2016వ సంవత్సరము మే 1వ తేదీన ఉజ్జ్వల పథకము ఆరంభమైన పిదప పల్లెలలో అనేక గృహములకు గ్యాసుపొయ్యి వచ్చినది. అయినను పెరటిలోని మూడురాళ్ల పొయ్యి అనేక గృహములలో ఆరలేదు. చిన్నవంటకు గ్యాసును, పెద్దపనులకు కట్టెలను వాడుట అలవాటయ్యెను.

ఆ మూడురాళ్ల పొయ్యి కట్టుటకు కాసైనను ఖర్చు కాదు. కాని దాని ఖర్చు వేరొకచోట పడుచున్నది. దానిచెంత దినమునకు రెండు మూడు గంటలు కూర్చుండు స్త్రీ కన్నులమీదను, ఊపిరితిత్తులమీదను, ఆమె యొడిలోని బిడ్డమీదను అది పడుచున్నది. ఇంటిలోని వంటపొగ మూలమున 2020వ సంవత్సరమున లోకమందు సుమారు 32 లక్షలమంది మరణించిరనియు, వారిలో అయిదేండ్ల లోపు బిడ్డలు 2 లక్షల 37 వేలకు మించియుండిరనియు ప్రపంచారోగ్యసంస్థ లెక్కించినది. బిడ్డలకు న్యుమోనియా, పెద్దలకు ఎడతెగని దగ్గు, ఆయాసము, కంటిలో శుక్లము ఈ పొగవలన కలుగు వ్యాధులు.

పొగ యనగా పూర్తిగా కాలక పోయిన కట్టెయే. కనుక పొగ తగ్గించుటయు కట్టె మిగుల్చుటయు ఒకే పని. ఇందులకై పెరటిలో మట్టిపొయ్యిని, దానిపై పాకను, ప్రక్కన పాదుల పందిరిని కట్టుకొను విధము ఈ క్రింద వివరింపబడినది.

పూర్వానుభవము

ఈ ప్రయత్నము క్రొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో పనిచేసిన యస్. పి. రాజుగారు సామాన్యజనులకు పొగలేని వంటయిండ్లు ఏర్పడవలెనని కృషిచేసి, మట్టితో కట్టదగిన పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, ఆ విషయమున 1953లో ఇంగ్లీషున నొక చిన్న పుస్తకము ప్రకటించిరి. 1983లో భారతప్రభుత్వము మెరుగుపఱచిన పొయ్యిల పథకమును ఆరంభించెను. అది 2002లో ముగియునప్పటికి దేశమందు మూడుకోట్లకు పైగా పొయ్యిలు పంచబడెను. కాని వానిలో అనేకములు కొలదికాలమునకే మూలబడెను. ఒరిస్సా పల్లెలలో కొందఱు పరిశోధకులు పొగగొట్టపు పొయ్యిలను నాలుగేండ్లపాటు పరిశీలించిరి. మొదటి యేట పొగ కొంత తగ్గెను. తర్వాతి యేండ్లలో ఆ లాభము నిలువలేదు. గొట్టములలో మసి పేరుకొనెను. పగుళ్లు పూడ్చువారు లేకపోయిరి. కడకు అనేకులు పాతపొయ్యికే మఱలిరి.

దీనివలన రైతు గ్రహింపవలసిన దొకటి కలదు. పొయ్యి కట్టుట సగము పని. దానిని ప్రతిపక్షమును బాగుచేసికొనుట తక్కిన సగము. రెండవ సగమునకు సిద్ధపడనివారు మొదటి సగమునకు శ్రమపడుట వ్యర్థము.

1. కాలము, స్థలము

సంక్రాంతి మొదలు ఉగాదివఱకు ఈ పనికి తగిన కాలము. అప్పటికి ఖరీఫు పంట ఇల్లు చేరును, వర్షభయము ఉండదు, మట్టి చక్కగా ఆరును.

ఇంటికి ఆగ్నేయమూల పొయ్యి యుండవలెనని పెద్దలు చెప్పుదురు. తెలంగాణములో గాలి లెక్కకును అది కుదురును. జ్యేష్ఠము మొదలు భాద్రపదమువఱకు గాలి పడమటినుండియు నైరృతినుండియు వీచును; ఆ కాలమున పొగ ఇంటికి దూరముగా తూర్పునకు పోవును. చలికాలమున ఈశాన్యపుగాలి వీచునపుడు పొగ ఇంటికి దక్షిణముగా సాగిపోవును. అయితే ఆ మూలనే పొరుగువారి కిటికీగాని, పూరికప్పుగాని ఉన్నయెడల వేఱుచోటు చూచుకొనవలెను. తనయింటి పొగ పొరుగింటికి పంపుట మేలు కాదు.

గడ్డివామికి, కట్టెలమోపులకు, పశువులకొట్టమునకు కనీసము 20 గజముల దూరమున పొయ్యి ఉండవలెను. అంత పెరడు లేనివారు గడ్డివామినే పొలమునకో కళ్లమునకో మార్చుకొనవలెను. వాననీరు నిలువని మెరకచోటు మేలు.

2. మట్టి

వట్టి నల్లరేగడి ఆరినపుడు బీటలు వాఱును; చౌడుమట్టి పొడిపొడియై రాలిపోవును. పొయ్యికి పుట్టమన్ను శ్రేష్ఠము. అది దొరకనిచోట చెరువుమట్టినిగాని, ఎఱ్ఱమట్టినిగాని జల్లించి వాడవచ్చును. నాలుగు తట్టల మట్టికి రెండుతట్టల ఇసుక, ఒకతట్ట వరిఊక లేక సన్నగా నఱికిన గడ్డి, ఒకతట్ట పశువుల పేడ చేర్చి, నీళ్లుపోసి బాగుగా త్రొక్కి, నాలుగుదినములు మాగనీయవలెను. ప్రతిదినము ఒకసారి త్రొక్కుట మంచిది.

మాగిన మట్టితో నిమ్మకాయంత ఉండలు రెండు మూడు చేసి నీడలో ఆరనిచ్చి పరీక్షింపవలెను. ఉండ పగిలినయెడల ఇసుక చాలలేదు. వ్రేళ్లతో నలిపినంతనే రాలిపోయినయెడల ఇసుక ఎక్కువైనది. పగులక, రాలక గట్టిగా నుండు మట్టితోనే పొయ్యి కట్టవలెను.

3. అరుగు

అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అడుగెత్తు గల అరుగును రాళ్లతోను మట్టితోను కట్టవలెను. పొడవు తూర్పుపడమరలుగా నుండవలెను. నేలలోనికి జానెడులోతు పునాది తీసి రాళ్లుపేర్చినచో అరుగు క్రుంగదు. పైన తాండూరు బండ పఱచినచో శుభ్రపఱచుట సులభము.

4. పొయ్యి

అరుగుపై తూర్పుకొననుండి మూడున్నర అడుగుల పొడవున, 20 అంగుళముల వెడల్పున, 12 అంగుళముల ఎత్తున పొయ్యి లేపవలెను. పడమట మిగిలిన అడుగున్నర చోటు పొడుగుకట్టెల నానించుటకు ఉపయోగించును. పొయ్యినోరు పడమటివైపు ఉండును. వండు స్త్రీ పడమట పీటవేసికొని తూర్పుముఖముగా కూర్చుండును.

మట్టిని ఒక్కదినముననే పూర్తియెత్తు లేపరాదు. నాలుగంగుళముల చొప్పున మూడుదినములు లేపినచో క్రిందివరుస పైబరువును మోయును. లోపలిభాగములను ఈ క్రమమున ఏర్పఱుపవలెను.

మొదటిగిన్నె చోటు: నోటిదరిని 10 అంగుళముల అడ్డుకొలత గల గుండ్రని గుంట. రెండవగిన్నె చోటు: దానికి తూర్పున అయిదంగుళముల గోడ విడిచి అంతే కొలతగల మఱియొక గుంట. రెంటికి నడుమ నాలుగంగుళముల సొరంగము కొంచెము పైకెగయునట్లు తొలువవలెను. రెండవగుంట అడుగు మొదటిదానికంటె ఎత్తుగానుండి, నడుమ చిన్న మట్టిదిమ్మె ఉండవలెను. ఆ దిమ్మె మంటను గిన్నె అడుగునకు త్రిప్పును. అది లేనిచో వేడి తిన్నగా గొట్టములోనికి పోవును.

మొదటి గుంటలో నేలనుండి మూడంగుళముల ఎత్తున ఇనుపకడ్డీల జాలి అమర్చవలెను. కట్టెలు జాలిపై కాలును. గాలి క్రిందినుండి ఎక్కును. బూడిద క్రిందికి రాలును. నోటికి పైభాగమున కట్టెలు దూర్చుటకు ఎనిమిదంగుళముల వెడల్పు, అయిదంగుళముల ఎత్తు గల ద్వారమును, దాని క్రింద గాలికిని బూడిదకును మూడంగుళముల ద్వారమును ఉండవలెను. ఈ క్రిందిద్వారము కట్టెలతో మూయబడరాదు. పల్లెలలో పొయ్యి పొగచూరుటకు మొదటి కారణము నోటినిండ కట్టెలు క్రుక్కుటయే.

గిన్నె గుంటలోనికి మూడంగుళములు దిగి, చుట్టును సందులేకుండ కూర్చుండవలెను. ఇంటనున్న గిన్నెలనే తడిమట్టిలో ఉంచి త్రిప్పినచో వానికి తగిన అంచు ఏర్పడును. వంట లేనపుడు రెండవచోట నీళ్లకాగు ఉంచవలెను. ఏదేని గుంట ఖాళీగా నుండినయెడల మట్టిమూతతో మూయవలెను. లేనియెడల పొగ అందుండి వెలువడును. పసుపు ఉడికించుపెనము వంటి పెద్దపాత్రలకు ఈ పొయ్యి చాలదు. వానికి వేఱు పొయ్యి ఉండవలెను.

5. పొగగొట్టము

రెండవగుంటకు తూర్పున నాలుగంగుళముల లోకొలతగల గొట్టము నిలుపవలెను. కుమ్మరి చేసి కాల్చిన మట్టిగొట్టములను ఒకదానిపై నొకటి పేర్చి, కీళ్లకు మట్టిమెత్తినచో చాలును. సిమెంటుగొట్టములును పనికివచ్చును. ఆస్బెస్టాసు గొట్టములను కోయరాదు, వాడరాదు. వాని ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము.

గొట్టము పాకకప్పునకు మూడడుగులు పైకి ఉండవలెను. పొట్టిగొట్టము పొగను లాగదు; గాలి వీచినపుడు వెనుకకు తన్నును. కొనపై వాననీరు పడకుండ నాలుగంగుళముల ఎడముతో చిన్న రేకుగొడుగు అమర్చవలెను. గొట్టపు మొదట ప్రక్కగా పిడికిలి పట్టునంత రంధ్రముంచి, దానిని మట్టిబిళ్లతో మూయవలెను. మసి తీయుటకు అదియే దారి.

కట్టిన పొయ్యి పదునైదుదినములు నీడలో ఆరవలెను. పిదప మూడుదినములు పుల్లలతో చిన్నమంట వేసి, నాలుగవదినమునుండి వంటకు వాడవలెను. తొందరపడి పెద్దమంట వేసినయెడల లోనితేమ ఆవిరియై గోడలను పగులగొట్టును.

6. పొయ్యిపాక

తూర్పుపడమరలు తొమ్మిదడుగులు, ఉత్తరదక్షిణములు ఎనిమిదడుగులు గల పాక చాలును. నాలుగుమూలల రాతికడీలు పాతుట మేలు. కొయ్యగుంజలు పాతువారు నేలలోదిగు భాగమును పైపైన కాల్చి తారుపూసినచో చెదలు త్వరగా పట్టదు. వాసములకు వెదురు వాడునెడల మూడువారములు నీళ్లలో నాననిచ్చి ఆరబెట్టవలెను; అట్లుచేసిన వెదురునకు పురుగు తక్కువగా పట్టును.

కప్పు పడమట ఆరడుగుల ఎత్తున, తూర్పున ఎనిమిదడుగుల ఎత్తున ఉండవలెను. పడమటివాన జారిపోవును, మిగిలినపొగ తూర్పుచూరునుండి వెడలిపోవును. పడమటివైపు నిండుగోడ కట్టినచో అది వానకును, నోటిలోనికి కొట్టు పడమటిగాలికిని అడ్డుగా నిలుచును. తక్కిన మూడువైపులు తెఱచియుంచవలెను. నాలుగువైపుల మూసిన పాకలో మంచిపొయ్యి సైతము చెడ్డదగును.

కప్పునకు పెంకులుగాని, రేకులుగాని, బండలుగాని వాడవలెను. తాటాకును, రెల్లును, వరిగడ్డిని వాడనేరాదు. మూడురాళ్ల పొయ్యినుండి ఎండకాలమున ఎగసిన ఒక్క రవ్వ గాలివాటున ఎన్ని యిండ్లను కాల్చగలదో పల్లెవారికి చెప్పనక్కఱలేదు. గొట్టము కప్పును దాటుచోట చుట్టును మూడంగుళముల సందువిడిచి, ఆ సందుపై రేకుపట్టీ కప్పవలెను. వాసము గొట్టమును తాకరాదు.

7. పాదుల పందిరి

పాకకు ఉత్తరమున ఆరడుగుల ఎడము విడిచి పందిరి వేయవలెను. ఇది అలంకారము మాత్రమే కాదు. బిడ్డలు తల్లిని విడిచి యుండరు. వారికి నీడగల చోటు దగ్గఱనుండి, అది పొయ్యికి దూరముగానుండి, తల్లి కంటికి కనబడుచుండినచో వారు పొగకును మంటకును దూరమగుదురు. కూరలు తఱుగుట, పప్పులు చెఱుగుట మొదలగు పనులును పందిరిక్రింద జరుపుకొనవచ్చును. దానివలన పొయ్యిదగ్గఱ కూర్చుండు కాలము సగమగును.

పది అడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు పందిరికి చాలును. ఆఱు రాతికడీలు రెండడుగుల లోతున పాతి, పైన అడుగున్నర కొకటిచొప్పున ఇనుపతీగలు అడ్డముగను నిలువుగను లాగవలెను. కడీల మొదట అడుగున్నర లోతుగల గుంటలు త్రవ్వి, మాగిన పెంటయెరువు నింపవలెను.

మృగశిరకార్తెలో తొలివానలకు బీర, పొట్ల, సొర, కాకర విత్తవలెను. చిక్కుడు ఆలస్యముగా కాసినను చలికాలమంతయు కాయును. ఒక మూల దొండతీగముక్క నాటినచో అది యేండ్లతరబడి నిలుచును. అంట్లు తోమిన నీటిని చిన్నకాలువద్వారా పాదులకు మఱల్చినయెడల వేఱుగా నీరుపోయు శ్రమ తగ్గును. సబ్బు ఎక్కువగా కలిసిన నీరు పాదులకు పెట్టరాదు.

తీగలను పాకవైపు ప్రాకనీయరాదు. చలికాలము ముగియుసరికి ఎండిన తీగలను, ఆకులను కోసివేసి ఎరువుగుంటలో వేయవలెను. ఎండుతీగల పందిరి పొయ్యిప్రక్క నుండుట గడ్డివామి ఉండుటతో సమానము.

8. వంటచెఱకు

పచ్చికట్టె బరువులో సుమారు సగము నీరే. ఆ నీటిని ఆవిరిచేయుటకే వేడి ఖర్చగును. మంట చల్లబడి పొగ లేచును. కట్టెలను మణికట్టులావున చీల్చి, వాన తగులనిచోట గాలియాడునట్లు కొన్నిమాసములు ఆరనీయవలెను. సర్కారుతుమ్మ మంచి వంటచెఱకు. దానిని నఱికినచో బీడుభూమియు బాగుపడును. గట్లపై గిరిపుష్పము పెంచినచో ఆకు పచ్చిరొట్టయెరువుగను, కొమ్మ వంటచెఱకుగను పనికివచ్చును.

కందికట్టె బాగుగా మండును. పత్తికట్టెను వాడువారు ఒక జాగ్రత్త తీసికొనవలెను. దానికి అంటియున్న ఎండుకాయలలో గులాబిరంగు పురుగు దాగి తర్వాతి పంటకు దిగును. కనుక పత్తిమోపులను వానకాలమువఱకు నిలువ ఉంచరాదు. గన్నేరుకట్టెను వంటకు వాడరాదు. దాని పొగ విషము. ప్లాస్టికు సంచులను, పురుగుమందు డబ్బాలను పొయ్యిలో వేయరాదు.

పిడకలు కాల్చుట రైతునకు నష్టము. పేడ కాలినపుడు దానిలోని నత్రజనియు, నేలను గుల్లచేయు పదార్థమును పొగతో పోవును. కట్టె లభించునంతకాలము పేడను పెంటదిబ్బకే చేర్పవలెను.

9. బూడిద

కట్టెబూడిదలో పొటాషును, సున్నమును కలవు. చల్లారిన బూడిదను తడియకుండ దాచి, కూరపాదుల మొదళ్లలో కొద్దికొద్దిగా చల్లి మట్టితో కలుపవలెను. దానిని పచ్చిపెంటతో కలుపరాదు. కలిపినయెడల పెంటలోని నత్రజని ఘాటైన ఆవిరిగా పోవును. చౌడునేలలకు బూడిద పనికిరాదు. నిప్పులున్న బూడిదను దిబ్బపై పోయుట ప్రమాదకరము; ఒకరాత్రి చల్లారిన పిదపనే తీయవలెను.

10. నిత్యజాగ్రత్తలు

ప్రతిదినము వంటకుముందు క్రిందిద్వారమునుండి బూడిద తీయవలెను. వారమున కొకసారి పొయ్యి నలికి, పగుళ్లు పూడ్చవలెను. పదునైదుదినముల కొకసారి, పొయ్యి చల్లారియున్నపుడు, పొడుగుకఱ్ఱకు గోనెగుడ్డ చుట్టి గొట్టములో పైనుండి ఆడించి, మొదటిరంధ్రమునుండి మసి తీయవలెను. ఏటేట వానకాలమునకు ముందు గొట్టపుకీళ్లకు క్రొత్తమట్టి మెత్తవలెను.

పొయ్యి సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు తేలికయైన గుర్తు కలదు. బాగుగా మండుచున్న పొయ్యికి పొగ గొట్టపుకొనయందు పలుచగా కనబడును, నోటివెంట రాదు. నోటివెంట పొగ వచ్చిననాడు గొట్టములో మసి పేరుకొన్నదనియో, కట్టె పచ్చిదనియో, క్రిందిద్వారము మూసికొన్నదనియో గ్రహించి ఆనాడే సరిచేయవలెను. రేపటికి విడిచిన పొయ్యి మూడురాళ్ల పొయ్యివలెనే యగును.

పాకలో రెండు కడవల నీళ్లును, ఒక తట్ట ఇసుకయు ఎల్లప్పుడు ఉండవలెను. ఒడలు కాలినయెడల పేడగాని, నెయ్యిగాని, బూడిదగాని పూయరాదు. చల్లనినీటిధార 20 నిమిషములు పట్టి వైద్యునికడకు తీసికొనిపోవలెను. చలికాలమున పొయ్యినిప్పులను కుంపటిలో వేసి, తలుపులు మూసిన గదిలో ఉంచుకొని నిద్రించుట ప్రాణాపాయము. పొగ కనబడకున్నను నిప్పులనుండి విషవాయువు వెలువడును.

ముగింపు

గొట్టమున్నంతమాత్రమున పొగబాధ పూర్తిగా తొలగదు. గ్యాసుపొయ్యి గల ఇంట నిత్యవంట దానిపైననే జరుగుట మేలు. కాని కట్టెలతో తప్పని పనులకు, ఆఱుబయట తెఱచిన పాకలో, ఎండినకట్టెతో, మసితీసిన గొట్టముతో మండు పొయ్యి మూడురాళ్ల పొయ్యికంటె ఎంతయో నయము.

పొయ్యిముందు కూర్చుండునది గృహిణి. కావున గొట్టము శుభ్రపఱచుట, కట్టెలు చీల్చి ఆరబెట్టుట, ఏటేట మట్టిమెత్తుట ఆమె పనులలో చేర్పరాదు. అవి యజమాని పనులు. నాగలికఱ్ఱు అఱిగినదో లేదో చూచుకొను రైతు పొయ్యిగొట్టమునుగూడ అట్లే చూచుకొనవలెను. పక్షమున కొకసారి అరగంట శ్రమ చాలును. ఆ అరగంట తప్పినయెడల ఇంతకుముందు పంచిన పొయ్యిలకు పట్టినగతియే దీనికిని పట్టును.